మంచం కింది పుస్తకాలు పాఠకుల చేతికి చేరాలంటే

మాది కడప. 2023 చివర్లో నా కథల పుస్తకం 500 ప్రతులు విజయవాడ ప్రెస్సు నుంచి ఆర్టీసీ కార్గోలో దిగాయి. ఆవిష్కరణ రోజు 31 అమ్ముడుపోయాయి. బంధువులకు, మిత్రులకు, వేదిక మీది పెద్దలకు కలిపి 110 పంచాను. మిగిలిన 359 మంచం కిందికి వెళ్లాయి. మూడు నెలలు ఒక్కటి కూడా కదల్లేదు. ఒక ఆదివారం ఇల్లు ఊడుస్తున్న మా ఆవిడ, "ఇదో, కింద పెట్టెకు చెదలు పట్టినట్టుంది చూడు" అంది. పెట్టె లాగి చూస్తే అడుగున ఆరు పుస్తకాల అంచుల వెంట మట్టిగీతలు. ఒకదాని అట్ట మీద నా పేరులో సగం లేదు. ఆ ఆరు పుస్తకాలను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

మిగిలిన 353 ప్రతులు ఇంట్లోంచి కదలడానికి పద్నాలుగు నెలలు పట్టింది. తర్వాత రెండో ముద్రణ 300 వేశాను, అదీ సగానికి పైగా పోయింది. లక్షలు రాలేదు. పెట్టిన డబ్బు వచ్చింది, పైన కొంచెం మిగిలింది, ముఖ్యంగా నాకు తెలియని మనుషులు నా కథలు చదివారు. ఈ దారిలో నేను చేసినవి, చేయకుండా ఉండాల్సినవి వరసగా చెబుతాను. మీది కడప కావచ్చు, కర్నూలు కావచ్చు, అనంతపురం కావచ్చు. హైదరాబాదులో పెద్ద పరిచయాలు లేకుండా సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునే వాళ్ల కోసం ఇది.

1. ఈ పుస్తకం ఎవరిదో ముందు తేల్చుకోండి

అచ్చుకు ఇవ్వకముందే చేయాల్సిన పని ఇది. నేను అచ్చయ్యాక చేశాను, అందుకే మూడు నెలలు పోయాయి.

ఒక నోటు పుస్తకం తీసుకోండి. అందులో మీకు తెలిసినవాళ్ల పేర్లు రాయకండి. మీ పుస్తకంలో ఉన్న సంగతి ఎవరి బతుకులో ఉందో వాళ్లను రాయండి. ధర్మవరం మగ్గాల మీద నవల రాశారా? పట్టుచీర నేసేవాళ్లు, వాళ్ల పిల్లలు, మగ్గం వదిలి బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న వాళ్లు మీ మొదటి పాఠకులు. వేరుశనగ రైతు గురించి రాశారా? అనంతపురం జిల్లాలో ఆ పంట వేసి నష్టపోయిన ఇల్లు లేని ఊరు అరుదు, కాబట్టి పేర్లకు కొదవ ఉండదు. బడి కథలు రాస్తే టీచర్లు. అపరాధ పరిశోధన నవల అయితే హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. కవిత్వానికి మాత్రం ఈ పని కష్టం, అది నాకూ తెలుసు. కవిత్వం చదివి వినిపిస్తే తప్ప అమ్ముడుపోదు. వినిపించే చోట్లు ఎక్కడున్నాయో రాసుకోండి.

నా కథలు గండికోట జలాశయం కింద మునిగిపోయిన ఊళ్ల గురించి. మా అమ్మ పుట్టిన ఊరు ఆ నీళ్ల కింద ఉంది. అయినా ఆవిష్కరణకు నేను పిలిచింది కడపలోని సాహితీమిత్రులను. ఆ ఊళ్లవాళ్లు ఒక్కరు కూడా ఆ సభలో లేరు. వాళ్లు పుస్తకాలు కొంటారని నాకు తోచనే లేదు. నేను చేసిన అన్ని తప్పుల్లోకీ ఇది పెద్దది.

2. ఎన్ని వేయాలి, వెల ఎంత పెట్టాలి

మొదటిసారి 300 చాలు. "500 వేస్తే ఒక్కో ప్రతి ఖర్చు తగ్గుతుంది" అని ప్రెస్సువాళ్లు చెబుతారు, నిజమే. కానీ అమ్ముడుపోని 200 ప్రతుల ఖర్చు ఆ తగ్గింపును మింగేస్తుంది. ఇంకా తక్కువ కావాలంటే ఇప్పుడు డిజిటల్ ప్రింటింగులో 50, 100 కూడా వేయించుకోవచ్చు. ప్రతికి ఖర్చు పెరుగుతుంది గానీ మంచం కింద మాత్రం ఖాళీగా ఉంటుంది.

డెమ్మీ సైజు (మామూలు కథల పుస్తకాల సైజు) పుస్తకం 16 పేజీల ఫారాల్లో, అంటే ఒక్కో పెద్ద కాగితానికి 16 పేజీల చొప్పున, అచ్చవుతుంది. 160 పేజీలంటే సరిగ్గా పది ఫారాలు. 163 పేజీలొస్తే మూడు పేజీల కోసం అదనపు కాగితానికి డబ్బు కట్టాలి. ప్రూఫులు దిద్దేటప్పుడే ఒక పేరా తగ్గించి సర్దుకోండి.

వెల విషయంలో మొహమాటం వద్దు. నా లెక్క చెబుతాను. డీటీపీ (కంప్యూటర్లో టైపు చేసి పేజీలు కట్టడం), ముఖచిత్రం, అచ్చు, రవాణా కలిపి 500 ప్రతులకు 46,000 అయింది. అంటే ప్రతి 92 రూపాయలు. జనం కొంటారని మొదట 150 వెల పెడదామనుకున్నాను. పుస్తకాల షాపుకు 40 శాతం కమీషన్ పోతే చేతికి వచ్చేది 90. అమ్మిన ప్రతి పుస్తకానికి రెండు రూపాయలు నేనే ఎదురు ఇచ్చినట్టు! 200 పెట్టాను. షాపులో అమ్మితే 28 మిగులుతుంది, నేరుగా అమ్మితే 108. వెల ఎప్పుడూ అచ్చు ఖర్చుకు రెట్టింపు కంటే కొంచెం పైనే ఉండాలి. 150కి కొనేవాళ్లు 200కీ కొంటారు, కొననివాళ్లు ఊరికే ఇచ్చినా చదవరు.

డీటీపీ చేసేవాళ్లు అను ఫాంట్లలో చేస్తే ఫైలు యూనికోడ్‌లో (ఏ ఫోన్‌లోనైనా, వెబ్‌లోనైనా తెలుగు సరిగా కనపడే పద్ధతి) కూడా అడిగి తీసుకోండి. తర్వాత వాట్సాప్‌లో ఒక పేరా పెట్టాలన్నా, వెబ్ పత్రికకు కథ పంపాలన్నా అదే పనికొస్తుంది. నేను అడగలేదు, రెండు కథలు మళ్లీ కూర్చుని టైపు చేసుకున్నాను.

3. ప్రచురణ వివరాల పేజీ

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు, మన దేశంలో ఉచితం. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఇస్తుంది, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి. రచయిత సొంతంగా కూడా తీసుకోవచ్చు. అచ్చుకు వెళ్లే వారం ముందు కాకుండా ప్రూఫులు మొదలైనప్పుడే పెట్టుకోండి, టెన్షన్ ఉండదు. ఆ 13 అంకెల నంబరు లేకపోతే ఆన్‌లైన్ అమ్మకాలకు, గ్రంథాలయాలకు ఇబ్బంది.

"ప్రతులకు" అని వేస్తాం చూడండి, అక్కడ ఇంటి చిరునామాతో పాటు ఫోన్ నంబరు పెట్టండి. మీ సొంత నంబరు కాకుండా పుస్తకం కోసం ఒక సిమ్ తీసుకుని, దానికే వాట్సాప్, దానికే ఫోన్‌పే పెట్టుకోండి. పదేళ్ల తర్వాత ఎవరో ఒక పాత ప్రతి చూసి ఫోన్ చేస్తారు. ఆ నంబరు అప్పుడూ మోగాలి. చివరి పేజీలో క్యూఆర్ కోడ్ అచ్చేయండి. పుస్తకం అరువు తీసుకుని చదివినవాళ్లు కూడా దాన్ని స్కాన్ చేసి ఇంకో ప్రతి తెప్పించుకోవడం నేను చూశాను.

పుస్తకం వచ్చాక 30 రోజుల్లోగా ఒక ప్రతి కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా సహా మిగతా మూడు నిర్ణీత గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలని 1954 నాటి చట్టం చెబుతుంది. సొంతంగా వేసుకున్నవాళ్లు చాలామంది ఈ పని వదిలేస్తారు. పంపండి. మనం పోయాక కూడా పుస్తకం ఉండే చోట్లు అవి.

4. ఆవిష్కరణ సభ

నా సభకు హాలు, ఫ్లెక్సీ, శాలువాలు, టిఫిన్లు కలిపి 18,000 అయింది. ఎనిమిది మంది మాట్లాడారు. ఐదుగురు పుస్తకం తెరవలేదని వాళ్ల మాటల్లోనే తెలిసిపోయింది. ఆఖరి వక్త ముగించేసరికి రాత్రి తొమ్మిదిన్నర, పుస్తకాల బల్ల దగ్గర ఎవరూ లేరు. జమ్మలమడుగు, పులివెందుల బస్సు అందుకోవాలని జనం లేచి వెళ్లిపోయారు.

మీరు సభ పెట్టుకోండి, కానీ ఇలా. పుస్తకం పూర్తిగా చదివిన ఇద్దరు మాట్లాడాలి. మీరు పది నిమిషాలు ఒక భాగం చదివి వినిపించాలి. మొత్తం గంటన్నర. బల్ల ద్వారం పక్కనే ఉండాలి, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కనపడేటట్టు. బల్ల దగ్గర మీరు కాకుండా వేరే మనిషి కూర్చోవాలి, చేతిలో చిల్లర ఉండాలి, క్యూఆర్ కోడ్ నిలబెట్టి ఉండాలి. రచయితే అక్కడుంటే తెలిసినవాళ్లు ఊరికే ఇస్తాడని ఎదురుచూస్తారు, అడగలేక మనమూ ఇచ్చేస్తాం. సభ నడిపేవాళ్లు కనీసం రెండుసార్లు మైకులో వెల చెప్పాలి: "పుస్తకం వెల రెండువందలు, బయట బల్ల మీద ఉంది." ఈ ఒక్క వాక్యం చాలా సభల్లో ఎవరూ పలకరు.

వీలైతే సభ రోజును ఒక సందర్భానికి కలపండి. కడపవాళ్లకు నవంబరు మంచి నెల. 10న సి.పి.బ్రౌన్ జయంతి, 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఎర్రముక్కపల్లిలోని బ్రౌన్ గ్రంథాలయానికి ఆ రోజుల్లో వచ్చేవాళ్లు పుస్తకం మీద ఇష్టంతో వచ్చేవాళ్లు. సొంత జీతం పెట్టి పండితులను నియమించుకుని తాళపత్రాలు శుద్ధప్రతులు రాయించిన మనిషి నడిచిన నేల అది. అక్కడ మీ పుస్తకాన్ని బల్ల మీద పరిచినప్పుడు కలిగే ధైర్యం నాకు ఇంకెక్కడా కలగలేదు. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం కూడా అలాంటిదే, కాలేజీల్లో కార్యక్రమాలుంటాయి.

5. ఊరికే ఇవ్వకండి

నేను పంచిన 110 ప్రతుల్లో చదివి ఫోన్ చేసినవాళ్లు తొమ్మిది మంది. కొన్నవాళ్లలో మూడో వంతు మంది ఏదో ఒక మాట చెప్పారు. డబ్బు ఇచ్చి కొన్న పుస్తకాన్ని మనిషి తెరుస్తాడు.

ఊరికే ఇవ్వాల్సినవాళ్లు కొద్దిమంది ఉన్నారు. రాయడంలో సాయం చేసినవాళ్లు, సమీక్షకులు, మీ ఊరి గ్రంథాలయం, కొనే శక్తి లేకపోయినా నిజంగా చదివేవాళ్లు. 300 వేస్తే 30 పక్కన పెట్టండి, ఆ 30 అయిపోతే ఇక లేవు. దగ్గరి బంధువు "మాకు ఇయ్యవా?" అంటే "నువ్వు కొంటేనే నాకు బోణీ, మామా" అనండి. ఎవరూ నొచ్చుకోరు, నేను ఇదే మాట ఇరవై సార్లు అన్నాను.

పత్రికల సమీక్షకు సాధారణంగా రెండు ప్రతులు అడుగుతారు. ఆంధ్రజ్యోతి 'వివిధ' లాంటి సాహిత్య పేజీలకు, ఆదివారం అనుబంధాలకు, 'ఈమాట' లాంటి వెబ్ పత్రికలకు పంపొచ్చు. పంపే ముందు ఆ పేజీ ఒక నెల చదివి ఎలాంటి పుస్తకాల మీద రాస్తున్నారో చూడండి. ప్రతితో పాటు పది వరుసల ఉత్తరం పెట్టండి. పుస్తకం దేని గురించో, మీరెవరో, వెల, ఫోన్ నంబరు. మీ పుస్తకం గొప్పదని అందులో రాయకండి. నెల తర్వాత ఒకసారి అడగండి, రెండోసారి అడగొద్దు. సమీక్ష వస్తే ఆ కటింగు ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత షాపులవాళ్లకు, గ్రంథాలయాలకు చూపించడానికి అదే ఆధారం.

6. వాళ్ల దగ్గరికి మీరే వెళ్లండి

నా పుస్తకం బతికింది ఇక్కడ.

చెదలు పట్టిన వారం తర్వాత 20 పుస్తకాలు గోనెసంచిలో వేసుకుని ముంపు ఊళ్లవాళ్లు ఉంటున్న ఒక పునరావాస కాలనీకి పోయాను. ఆదివారం సాయంత్రం. గుడి అరుగు మీద పది మంది కూర్చుని ఉన్నారు. నేను ఫలానా అని చెప్పుకుంటే తలలూపారు గానీ ఎవరూ పుస్తకం పట్టుకోలేదు. ఏం చేయాలో తెలియక 47వ పేజీ తీసి చదవడం మొదలుపెట్టాను. అమ్మ చిన్నప్పుడు నీళ్లు తెచ్చిన బావి గురించిన పేజీ అది. నాలుగు వరుసలు చదివానో లేదో, అరుగు చివర కూర్చున్న అవ్వ చెయ్యెత్తింది.

"అది ఊటబాయి గాదు నాయనా. మెట్లబాయి. ఊటబాయి గుడెనకాల ఉండె."

పక్కనున్న పెద్దాయన ఒప్పుకోలేదు. గుడి వెనకాల ఉన్నది వేరే బావి అన్నాడు. ఇంకొకాయన లేచి అరుగు మీద సుద్దముక్కతో గుడి, రచ్చబండ, చింతచెట్టు, దారి గీశాడు. చూస్తుండగానే ఊరంతా ఆ అరుగు మీదికి వచ్చింది. ఎవరి ఇల్లు ఎక్కడో గీసుకుంటూ అరగంట మాట్లాడుకున్నారు. నేను పుస్తకం మూసి, వాళ్లు చెప్పింది రాసుకుంటూ కూర్చున్నాను. చీకటిపడేవేళకు 14 ప్రతులు పోయాయి. బొలెరో నడిపే ఒకతను రెండు తీసుకున్నాడు, ఒకటి కువైట్‌లో ఉన్న తమ్ముడికట.

ఆ రోజు నుంచి నేను పాటిస్తున్నవి మీకూ చెబుతాను. వెళ్లేముందు వాళ్లకు సంబంధించిన పేజీ గుర్తు పెట్టుకుని వెళ్లండి. మీ గురించి మూడు మాటలకు మించి చెప్పకండి. ఐదు నిమిషాలు చదివి ఆపేయండి. వాళ్లు మాట్లాడటం మొదలుపెడితే మీరు అడ్డు రావొద్దు. తప్పు పట్టుకుంటే సంతోషించండి, రాసుకోండి. వెల మొదటే చెప్పండి, చివర్లో చెబితే మొహమాటపెట్టినట్టు ఉంటుంది. మిగిలిన ప్రతుల్లో రెండు అక్కడే ఒక నమ్మకమైన మనిషి దగ్గర ఉంచి, ఆయన నంబరు తీసుకోండి.

బడులకు, కాలేజీలకు కూడా ఇదే పద్ధతి. హెడ్మాస్టరుతో ముందుగా మాట్లాడి, పిల్లలకు ఒక కథ చెప్పడానికి వెళ్లండి, పిల్లలకు అమ్మడానికి మాత్రం కాదు. టీచర్లు కొంటారు, బడి లైబ్రరీకి ఒకటి తీసుకుంటారు. కడపలో యోగి వేమన, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం ఉన్నాయి. తెలుగులో పరిశోధన చేసే విద్యార్థులకు సీమ మీద వచ్చిన కొత్త పుస్తకాలు కావాలి, అవి వచ్చినట్టు మాత్రం వాళ్లకు తెలియదు. అలాంటి పిల్లలు ఇద్దరు ముగ్గురు చదివితే మీ పుస్తకం వాళ్ల వ్యాసాల్లోకి వెళ్తుంది, అక్కడి నుంచి ఇంకెక్కడికైనా వెళ్తుంది.

7. ఫోన్‌లో గొంతు

కువైట్‌కు ప్రతి పంపించిన ఆ బొలెరో అతను 47వ పేజీ ఫోటో వాళ్ల ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రెండు రోజుల్లో నాకు పదకొండు ఫోన్లు. రాజంపేట, రాయచోటి మొదలుకుని మన వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు ఎంతమందో మీకు తెలిసిందే. ఊరి మాట వినాలని వాళ్లకున్నంత ఆకలి ఇక్కడ ఉన్నవాళ్లకు ఉండదు.

ముఖచిత్రం ఫోటో పెట్టి "నా పుస్తకం వచ్చింది, ఆదరించండి" అని నలభై గ్రూపుల్లో వేస్తే ఎవరూ చూడరు. నేనూ వేశాను, అభినందనల బొమ్మలు వచ్చాయి, ఆర్డర్లు రాలేదు. పనిచేసింది గొంతు. వారానికి ఒకసారి, రెండు మూడు నిమిషాలు, పుస్తకంలోంచి ఒక ముక్క చదివి వాయిస్ మెసేజ్ పెట్టాను. మన యాస దాచుకోకుండా చదివాను. కథ కీలకమైన చోట ఆపాను. కింద మూడు వరుసలు: పుస్తకం పేరు, "పోస్టు ఖర్చుతో కలిపి ఇంత", పుస్తకం కోసం పెట్టుకున్న ఫోన్ నంబరు. అంతే. ఫేస్‌బుక్‌లో కూడా అదే ముక్కను అక్షరాల్లో పెట్టాను. మీ కథలోని ఊరు, పంట, వృత్తి ఏదైతే దానికి సంబంధించిన గ్రూపుల్లోనే పెట్టండి, అడ్మిన్‌ను అడిగి పెట్టండి. ప్రతిరోజూ పెడితే మనుషులు విసుగెత్తి మ్యూట్ చేస్తారు.

కొన్నవాళ్లను అడగాల్సింది ఒక్కటే. చదివాక రెండు మాటలు వాళ్ల గొంతుతో పంపమనండి. వాళ్ల అనుమతితో దాన్ని ముందుకు పంపండి. నేను నా పుస్తకం గురించి చెప్పే వంద మాటల కంటే జమ్మలమడుగు నుంచి ఒక లారీ డ్రైవరు చెప్పిన రెండు మాటలకు ఎక్కువ ప్రతులు పోయాయి.

8. పార్శిలు

డబ్బు పంపిన రోజే, లేదా మరునాడు పోస్టు చేయండి. కొత్త పాఠకుడికి రచయిత మీద నమ్మకం ఏర్పడేది ఇక్కడే.

కట్టే విధానం: పుస్తకాన్ని ముందు సన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, వానకు తడవదు. పాత అట్టపెట్టె కోసి పుస్తకం కంటే వేలెడు ఎక్కువ సైజులో రెండు ముక్కలు కింద, పైన పెట్టండి. పుస్తకం మూలలు నలిగేది ఈ అట్ట లేకే. పైన బ్రౌన్ కాగితం చుట్టి, రెండు వైపులా టేపు. చిరునామా మార్కరుతో పెద్దగా, పిన్‌కోడు, ఫోన్ నంబరుతో. లోపల మీ చేత్తో రాసిన రెండు వరుసల చీటీ.

పాత రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఇప్పుడు లేదు. దాని బదులు 2025 మే 1 నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది. విద్య, సామాజిక, సాంస్కృతిక, మత సంబంధమైన అచ్చు పుస్తకాలకు అది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంటుంది. డెమ్మీ సైజులో 160 పేజీల పుస్తకం ప్యాకింగుతో సహా సాధారణంగా 300 గ్రాముల లోపే వస్తుంది. కవరు మీద "జ్ఞాన్ పోస్ట్" అని రాసి, కౌంటర్లో ఆ పేరుతోనే అడగండి. రిజిస్టర్డ్ పోస్టు కూడా 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, అది ఖరీదెక్కువ. ఇరవై ప్రతులకు మించి ఒకే ఊరికి పంపాలంటే ఆర్టీసీ కార్గో మేలు.

9. షాపులు

హైదరాబాదులో నవోదయ లాంటి పెద్ద షాపులకు, విశాలాంధ్ర లాంటి సంస్థల శాఖలకు తెలుగు పుస్తకాల పాఠకులు వెతుక్కుంటూ వెళ్తారు. ఐదు ప్రతులతో మొదలుపెట్టండి. కమీషన్ 35 నుంచి 40 శాతం అడగడం మామూలే. షాపు అద్దె, జీతాలు వాళ్లవి కదా, దాని మీద బాధపడొద్దు. ఇచ్చిన ప్రతులకు చీటీ మాత్రం రాయించుకోండి: ఎన్ని ఇచ్చారు, ఏ తేదీ, కమీషన్ ఎంత, ఎప్పుడు లెక్క చూస్తారు.

చీటీ లేకుండా నేను ఒక ఊళ్లో ఒక షాపుకు 40 ప్రతులు ఇచ్చాను. ఏడాది తర్వాత అడిగితే అక్కడ పనిచేసే కుర్రాడు మారిపోయాడు, 40 ఇచ్చినట్టు ఎవరికీ గుర్తు లేదు. 11 ప్రతులు దుమ్ము పట్టి వెనక్కి వచ్చాయి, మిగతా 29కి డబ్బూ రాలేదు, పుస్తకమూ రాలేదు. మూడు నెలలకు ఒకసారి తప్పకుండా వెళ్లి లెక్క చూసుకోండి, లేదా ఫోన్ చేయండి.

పుస్తకాల షాపే కానక్కర్లేదు. ప్రొద్దుటూరులో మా మిత్రుడి బట్టల షాపులో బిల్లు కౌంటరు మీద ఐదు పుస్తకాలు నిలబెట్టి పెట్టాను, ముఖచిత్రం మనిషికి ఎదురుగా ఉండేటట్టు. పండగల సీజనులో అక్కడే 23 పోయాయి. మీ పుస్తకం దేని గురించో దానికి దగ్గరగా ఉండే షాపు ఏదో మీ ఊళ్లోనే ఉంటుంది. విత్తనాల షాపు, ఆయుర్వేద మందుల షాపు, గుడి ముందు పూజాసామాన్ల షాపు.

10. గ్రంథాలయాలు, పుస్తక ప్రదర్శనలు, ఆన్‌లైన్

మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. జిల్లా గ్రంథాలయ సంస్థలు దాని మీదే నడుస్తాయి. పుస్తకాల కొనుగోలు ప్రకటన ఎప్పుడు వస్తుందో జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడుగుతూ ఉండండి. కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ సాయంతోనూ గ్రంథాలయాలకు పుస్తకాలు కొంటారు. వస్తే ఒకేసారి ఎక్కువ ప్రతులు పోతాయి. రాకపోతే ఏడాదులు గడుస్తాయి, కాబట్టి దాన్ని నమ్ముకుని ఎక్కువ అచ్చేయకండి.

హైదరాబాదు పుస్తక ప్రదర్శన డిసెంబరులో, విజయవాడది జనవరిలో జరగడం ఆనవాయితీ. ఒక్క పుస్తకంతో స్టాలు తీసుకుంటే అద్దె కూడా రాదు. సీమ రచయితలు ఐదారుగురు కలిసి ఒక స్టాలు తీసుకోండి, వంతులవారీగా కూర్చోండి. నలుగురి పుస్తకాలు పక్కపక్కన ఉంటే ఒకరి కోసం వచ్చినవాళ్లు ఇంకొకరిది చూస్తారు. ఒక రచయిత పాఠకుడిని ఇంకో రచయిత దోచుకుంటాడని భయపడే మిత్రులు ఉన్నారు. నా అనుభవంలో ఒక సీమ కథల పుస్తకం చదివినవాళ్లు రెండోది అడుగుతారు.

అమెజాన్ లాంటి చోట్ల పెట్టడానికి, అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు కాబట్టి, పుస్తకాలు మాత్రమే అమ్మేవాళ్లు జీఎస్టీ నంబరు లేకపోయినా ఖాతా తెరవొచ్చు. కానీ వాళ్ల రకరకాల రుసుములు పోతే 200 రూపాయల పుస్తకం మీద మిగిలేది స్వల్పం. దూరంగా ఉన్నవాళ్లు వెతికితే దొరకడానికి ఒక రెండు మూడు ప్రతులు పెట్టుకుంటే చాలు.

11. లెక్క పుస్తకం

ఒక గీతల నోటు పుస్తకంలో ఆరు గడులు గీయండి: తేదీ, పేరు, ఊరు, ఫోన్, ఎన్ని ప్రతులు, ఎలా తెలిసింది. ఆఖరి గడి ముఖ్యం. ప్రతి కొత్త మనిషిని "మీకు ఈ పుస్తకం గురించి ఎవరు చెప్పారు?" అని అడిగి రాసుకోండి. మూడు నెలల తర్వాత చూస్తే ఏ దారిన ప్రతులు పోతున్నాయో కనపడుతుంది. నాకు కనపడింది: ఫ్లెక్సీకి సున్నా, వాయిస్ మెసేజీలకు 120కి పైగా, నేను స్వయంగా వెళ్లిన ఊళ్లకు దాదాపు అంతే. అప్పటి నుంచి నా సమయమంతా ఆ రెండింటికే పెట్టాను. రెండో పుస్తకం వచ్చినప్పుడు మొదటి ఫోన్లు ఈ నోటు పుస్తకంలోని మనుషులకే చేయాలి. అప్పటిదాకా దసరాకు, ఉగాదికి ఒక పలకరింపు పంపుతూ ఉండండి, అమ్మే మాట ఎత్తకుండా.

రెండో ముద్రణ వేసేముందు పాఠకులు చెప్పిన తప్పులన్నీ దిద్దండి. నేను 47వ పేజీలో ఊటబావి కొట్టేసి మెట్లబావి అని రాశాను. అరుగు మీద గీసిన ఆ ఊరి పటాన్ని నోటు పుస్తకంలోంచి ఎక్కించి చివరి పేజీలో వేశాను. మొదటి ప్రతి తీసుకుని ఆదివారం మళ్లీ ఆ కాలనీకి పోయాను. అవ్వకు కళ్లు సరిగా ఆనవు, మనవరాలు చదివి వినిపించింది. విని, పటం పేజీ మీద వేలు పెట్టించుకుని, "గుడి ఇంగ రోంత ఇటు జరగల్ల" అంది. అది మూడో ముద్రణకు రాసుకున్నాను.